మన సర్కారుకని దాచిన పన్ను

మా ఆయన పోయి రెండేళ్లవుతోంది. దుకాణం నేనే చూసుకుంటున్నాను. ఇప్పుడది చిన్న దుకాణం. పైపులను కలిపే ఎల్బోలు, కాలర్లు, వాల్వులు, గమ్ము డబ్బాలు అమ్ముతాం. ఒకప్పుడు ఇదే షట్టరు ముందు లారీ ఆగేది. నిలువెత్తుకు మూడింతలుండే పైపులు దించుతుంటే జనగామ రోడ్డు మీద ఆటోలు ఆగిపోయి హారన్లు కొట్టేవి. ఆ లారీ రావడం ఎందుకు ఆగిందో తమకు తెలుసని మా ఊళ్లో చాలామంది అనుకుంటారు. వాళ్లకు తెలిసింది సగమే.

ఆయన గురించి గొప్పగా రాయాలని లేదు. పేపర్లో సంతాప ప్రకటనలు చూసినప్పుడల్లా "గింత మంచోళ్లందరు పోతే ఉన్నోళ్లం ఎవలం మరి" అనేవాడు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

అప్పటికి జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ ఒకే జిల్లా. మా దుకాణం జనగామలో. నా పుట్టిల్లు మానుకోట. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా ఇంట్లో మేం మానుకోట అనే అంటాం. అక్కడ మా అన్నది కూడా పైపుల దుకాణమే, రెండు దుకాణాలదీ ఒకే కంపెనీ ఏజెన్సీ. మా పెళ్లయ్యాక ఆయనను ఈ వ్యాపారంలో పెట్టింది మా అన్నే. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. బావామరదుల మధ్య ఉండే ఎగతాళి వాళ్ల మధ్య బాగా ఉండేది. ఆయన లెక్కల్లో నిదానం. మా అన్న చురుకు. "మా చెల్లె పుస్తకాలు చదువుతది, నువ్వు పైపులు లెక్కపెడతవు, ఇద్దరి కండ్లు ఖరాబే" అని నవ్వేవాడు.

పన్ను సంగతి మాకు నేర్పింది కూడా మా అన్నే. నిజం చెప్పాలంటే బాగా నేర్పాడు. ఎగ్గొట్టడం వేరు, ఆలోచించి కట్టడం వేరు అనేవాడు. బిల్లు లేకుండా సరుకు చవకగా వస్తుందని ఎవరు ఆశ పెట్టినా తీసుకోవద్దన్నాడు. బిల్లుతో కొంటే, కొన్నప్పుడు మనం కట్టిన పన్నును అమ్మినప్పుడు వసూలైన పన్నులోంచి తీసివేసి, మిగిలింది మాత్రం సర్కారుకు కడితే చాలు. బిల్లు లేకపోతే ఆ తీసివేత ఉండదు. ఇవాళ మిగిలిందనుకున్నది రేపు పోతుందని కాగితం మీద వేసి చూపించాడు. బోర్లు ఎక్కువగా పడే ఎండాకాలంలో అమ్మకం ఎక్కువ కాబట్టి, వచ్చే నెలకు కావలసిన లోడును ఈ నెలాఖరు లోపలే తెప్పించుకుంటే ఈ నెల భారం తగ్గుతుందని చెప్పాడు. మోటార్ల రిపేరు పని నేను చూసేదాన్ని. ఆ సంపాదన నా పేరు మీద వేరుగా చూపించమన్నాడు. అది నిజంగా నా పనే కాబట్టి తప్పు లేదు. దుకాణం బండి, ఇంటి బండి కలపొద్దన్నాడు.

అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒకటుంది. ఆ మాట చెప్పిన రోజు ఆయన ముందు పల్లీల పళ్లెం ఉంది. మా అన్న అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, "ఇది కొన్నోడు సర్కారుకని నీ చేతిల పెట్టింది. నీ గల్లాల ఉన్నంత మాత్రాన నీదయితదా బావా?" అన్నాడు. మర్నాడే ఆయన బ్యాంకుకు పోయి వేరే ఖాతా తెరిచాడు. పన్ను డబ్బు ఏ రోజుది ఆ రోజు అందులో వేసేవాడు. లింగాల ఘనపూర్ వైపు రైతులు పంట వచ్చేదాకా బాకీ ఉన్నా, ఇంట్లో సరుకులకు కటకటగా ఉన్నా ఆ ఖాతా ముట్టేవాడు కాదు. మేం దాన్ని పన్ను ఖాతా అనేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం వచ్చింది. మా ఇంట్లో అందరం నమ్మాం. ఇప్పటికీ అది తప్పని అనుకోను. పైపుల కంపెనీ తరఫున నెలకోసారి వచ్చే సేల్స్ మనిషి కోస్తా వైపువాడు. మా ఆయన మాట వినగానే "ఏంది, ఎట్ల, గట్లనా" అంటూ సాగదీసి అనుకరించేవాడు. సినిమాల్లో మమ్మల్ని వెక్కిరించినట్టే ఉండేది. ఆయన అతనికి టీ ఇచ్చేవాడు. ఆ మనిషి పోయాక మాత్రం టీ గ్లాసును రెండుసార్లు కడిగేవాడు.

సహాయ నిరాకరణ మొదలైన రోజుల్లో జనగామ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లు కదలకుండా చేయడం. వ్యాపారుల తరఫున మా అన్న మానుకోట నుంచి వచ్చి మైకు పట్టుకున్నాడు. అప్పటికి అక్కడి వర్తకుల్లో నాయకుడయ్యాడు. ప్రతి దుకాణదారూ ఇంటి నుంచి తెచ్చిన బియ్యం తన చేత్తో డేగిసలో పోసి, రాష్ట్రం వచ్చేదాకా పన్ను కట్టనని చెప్పాలన్నాడు. "మన పైసలు మన సర్కారుకే కడదాం" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఒక్కొక్కరే పోసి, మాట అని, పక్కకు జరిగారు. కొందరు నవ్వుకుంటూ అన్నారు. కొందరు మైకుకు వినపడేలా అన్నారు. మా ఆయన బియ్యం పోసి చాలా మెల్లగా అన్నాడు. పక్కనున్న నాకే వినపడింది.

ఆ రాత్రి ఆయనను అడిగాను, నిజంగా ఆపుతున్నామా అని. "ఎగ్గొడుతలేం గదా" అన్నాడు. పన్ను ఖాతాలో ఎప్పటిలాగే వేస్తాడట. రాష్ట్రం రాగానే మొత్తం తీసి మన సర్కారుకు కట్టేస్తాడట. మా అన్న నేర్పిన పాత పాఠాన్నీ, మైకులో చెప్పిన కొత్త మాటనూ కలిపి ఆయన ఇలా ఒక దారి చేసుకున్నాడు. ఆ రెండూ ఒకే మనిషి నోటి నుంచి వచ్చాయి కాబట్టి ఒకదానికొకటి అడ్డం వస్తాయని ఆయనకు తోచలేదు. నేను పుస్తకాలు చదువుతానన్న మాటే గానీ నాకూ తోచలేదు.

అప్పటి పద్ధతి ప్రకారం పన్ను కట్టే ప్రతి దుకాణానికీ ఒక నంబరు ఉండేది. నెలనెలా లెక్క దాఖలు చేసి పన్ను కట్టాలి. చేయకపోతే నోటీసు వస్తుంది, ఆ తర్వాత నంబరు రద్దవుతుంది. నంబరు లేని దుకాణానికి కంపెనీ సరుకు పంపదు. మా దుకాణమంతా ఆ ఏజెన్సీ మీదే నిలబడి ఉంది. ఇది మా ఇద్దరికీ తెలుసు. తెలిసీ ఎందుకు ఆపామంటే, మానుకోట నుంచి మొదలుకొని ఇంత మంది ఆపితే అందరి నంబర్లూ రద్దు చేస్తారా అని. చేయలేరని మా అన్న చెప్పాడు.

తర్వాతి నెలల్లో ఒకసారి కంపెనీ సేల్స్ మనిషి వచ్చాడు. ఈసారి వెక్కిరింత లేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు.

"పన్ను కట్టేయండి సార్. అందరూ కడుతున్నారు. మీవాళ్లు కూడా."

"మావోళ్లంటే?"

"పేర్లెందుకులెండి. నేను తిరిగే మనిషిని కదా, ఎవరికి సరుకు పోతుందో నాకు తెలుస్తుంది."

ఆయన తల ఊపి టీ తెప్పించాడు. ఆ మనిషి పోయాక నాతో, "మన రాష్ట్రమస్తదంటే గీయనకు కడుపుల నొప్పి. మనోళ్ల మధ్యల పుల్ల పెడుతున్నడు" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. అన్నేళ్లు మా మాటను ఎగతాళి చేసిన నోటి నుంచి మా మేలు కోరే మాట వస్తుందని ఎట్లా అనుకుంటాం?

వానాకాలంలో నోటీసు వచ్చింది. ఆయన వెంటనే మా అన్నకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. నోటీసు చదివి వినిపించి, "ఏం జేద్దాం బావా" అని అడిగాడు. అవతల మా అన్న గొంతు నాకూ వినిపించింది. చుట్టూ మనుషులున్నట్టున్నారు. "అందరికి వచ్చినయి బావా, పరేషాన్ కాకు. పక్కన పెట్టు" అన్నాడు. ఆయన ఫోన్ పెట్టేసి తేలికపడ్డాడు. నోటీసును మేకుకు గుచ్చాడు.

తర్వాత ఉద్యోగులే సమ్మెకు దిగారు. పన్నుల ఆఫీసుకు కూడా తాళం పడింది. ఆయన ఆ తాళం చూసి వచ్చి, ఇక ఎవరు ఎవరి నంబరు రద్దు చేస్తారని నవ్వాడు. సమ్మె ముగిసింది. ఆఫీసు తెరిచారు. తెరిచిన కొద్దిరోజులకే మా నంబరు రద్దయినట్టు కాగితం వచ్చింది.

అప్పుడు మా చేతిలో ఒక పెద్ద బేరం ఉంది. మొగుళ్లపల్లి వైపు పల్లెలకు మంచినీళ్ల పైపులైను వేస్తున్న కాంట్రాక్టరు మాకు ఆర్డరు ఇచ్చాడు. రెండేళ్లుగా మేం సరుకు ఇస్తున్న మనిషే. కంపెనీ లోడు ఆపేసింది. కాంట్రాక్టరుకు ముఖం చూపించి కొంచెం గడువు అడుగుదామని ఇద్దరం బస్సులో బయల్దేరాం. పరకాల దాటాక రోడ్డు బాగా లేదు. ఆయన దారంతా ఏం చెప్పాలో కూర్చుకుంటూ కూర్చున్నాడు.

మేం చేరేసరికి అక్కడ పైపులు దించుతున్నారు. మా కంపెనీ పైపులే. కొత్తవి, ఇంకా మూతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. లారీ డ్రైవరు మాకు తెలిసినవాడు. ఎన్నోసార్లు మా ఇంటి ముందు అన్నం తిన్నాడు. ఆయనను చూసి సంతోషంగా దగ్గరికి వచ్చాడు.

"ఏందన్నా, గింత దూరమొచ్చినవు? నీ దిక్కు లోడు వస్తలేదేంది?"

"ఏడికెళ్లి తెచ్చినవు?" అని అడిగాడు ఆయన.

"మానుకోటకెళ్లి. మీ బావ దుకాణం లోడే గదా." మాకు తెలిసే ఉంటుందనుకున్నాడు.

ఆయన పైపులను చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. మొహమాటపడుతూనే చెప్పాడు. పని ఆగితే వాళ్లకు నష్టమట. నంబరున్న బిల్లు లేకపోతే వాళ్లకు డబ్బులు రావట. "మీది బందయింది. వాళ్లది నడుస్తున్నది. ఒక్క నెల గూడ తప్పలేదట. మీ ఇంటోళ్లే గదా అని తీసుకున్నం" అన్నాడు.

మా ఇంటోళ్లే. ఆ మాటలో తప్పు ఏమీ లేదు.

మరుసటి రోజు మానుకోట పోయాం. మా వదిన మంచం వాల్చి, టీ పెట్టడానికి లోపలికి పోయింది. మా అన్న మమ్మల్ని చూడగానే ఎందుకొచ్చామో అర్థం చేసుకున్నాడు. మొగుళ్లపల్లి నుంచి ఫోన్ వచ్చి ఉంటుంది.

ఆయన కోపంగా అడగలేదు. కోపంగా అడిగి ఉంటే మా అన్నకు సులువయ్యేది.

"బావా, నువ్వు పన్ను కడుతున్నవా?"

"కడ్తున్న."

"ఎప్పటిసంది?"

మా అన్న గడప వైపు చూశాడు. "ఎన్నడు ఆపలే."

"మరి మైకుల చెప్పింది?"

"మైకుల చెప్పింది మైకుల మాట బావా. ఆ చౌరస్తల బియ్యం పోసినోళ్లు ఎవలు ఆపిండ్రు? అందరికి ఎరుకనే. నువ్వు నిజంగ ఆపుతవని నేననుకున్ననా?"

ఆఖరి మాట అంటున్నప్పుడు మా అన్న పెదవుల మీద కొంచెం నవ్వు వచ్చింది. పాత ఎగతాళి అలవాటు. ఆ నవ్వును నేను చూడకుండా ఉంటే బాగుండేది.

"నేను ఫోన్ జేసి అడిగిన గదా. నోటీసొచ్చిన్నాడు."

"మనుషులుండిరి పక్కన. ఫోన్ల ఎట్ల చెప్పుమంటవు?"

"మల్ల చెప్పద్దా? ఒక్కడివున్నప్పుడు?"

 మా అన్న వేరే మాట ఎత్తుకున్నాడు. మొగుళ్లపల్లి బేరం తనంతట తాను అడగలేదనీ, కాంట్రాక్టరే వచ్చాడనీ, తాను కాదంటే బయటివాడికి పోయేదనీ చెప్పాడు. అది కూడా నిజమే అయి ఉండొచ్చు. వదిన టీ తెచ్చింది. నేను గ్లాసు ముట్టలేదు. ఆయన మాత్రం మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, "పోయొస్తం అక్కా" అని వదినకు చెప్పి లేచాడు. ఆమెకు ఇందులో ప్రమేయం లేదని ఆయనకు తెలుసు.

తిరుగు రైలు కాజీపేట దాటింది. తర్వాత ఆయన కిటికీ లోంచి చూస్తూనే అన్నాడు. "కట్టిండు, మంచిదే. పిల్లలున్నోడు. నాకెందుకు చెప్పకపోయె?" కాసేపాగి, "ఆ సేల్సాయన చెప్పిండు సూడు. ఆయన చెప్పిండు" అన్నాడు.

పన్ను ఖాతాలో అసలు మొత్తం భద్రంగా ఉంది. పన్నుల ఆఫీసులో అధికారి ఆ ఖాతా సంగతి విని నమ్మలేకపోయాడు. సమ్మె రోజుల్లో ఆ అధికారి కూడా ఉద్యమ టెంట్ కింద కూర్చున్నవాడే. వేరుగా పెట్టినవాడివి కట్టకుండా ఎందుకు ఉన్నావని అడిగాడు. మా ఆయన, "మన సర్కారు వచ్చినంక కడదామని" అన్నాడు. అధికారి తల దించుకుని కాగితాలు సర్దాడు. వడ్డీ, జరిమానా తప్పవన్నాడు. నా మెడలోది అమ్మి కట్టాం. కొత్త నంబరుకు దరఖాస్తు పెట్టాం. అది రావడానికి చాలా నెలలు పట్టింది. వచ్చేసరికి జనగామ ఏజెన్సీ కంపెనీ ఇంకొకరికి ఇచ్చేసింది. పెద్ద బోర్డు దించాం. పైపుల స్టాండ్లు ఇనుప సామాను వాడికి అమ్మేశాం. ఎల్బోలు, కాలర్లు మిగిలాయి.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు ఆయన గులాల్ పూసుకుని ఇంటికి వచ్చాడు. చెవుల వెనక దాకా గులాబీ రంగు. మా అన్న మీద కోపంతో ఆయన ఆ సంతోషాన్ని వదులుకోలేదు. అది తనదే అనుకున్నాడు. కొత్త రాష్ట్రంలో మొదటి నెల పన్ను కట్టడానికి గడువు దాకా ఆగలేదు. కంప్యూటరు మీదే అయిపోయే పనికి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కట్టింది చాలా చిన్న మొత్తం. ఎందుకంత హడావిడి అని నేను అడగలేదు.

కొన్నాళ్లకు మానుకోటలో ఉద్యమంలో పన్ను ఆపిన వ్యాపారులకు సన్మానమని పెట్టారు. శాలువా మా అన్నకు. మా ఆయనను కూడా రమ్మని మా అన్నే ఫోన్ చేశాడు. దుకాణంలో గిరాకీ ఉందని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు. దుకాణంలో మేమిద్దరమే ఉన్నాం.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. పెళ్లిళ్లలో ఎదురైతే మా అన్నతో మాట్లాడేవాడు. బావా అనేవాడు. ఎగతాళి మాత్రం మళ్లీ రాలేదు. గుండెనొప్పి వచ్చి దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు.

దశదినకర్మ నాడు మా ఆచారం ప్రకారం మా అన్న పుట్టింటి చీర, బియ్యం సంచి తెచ్చాడు. వాకిట్లో టెంట్ కింద కూర్చున్నవాళ్లతో మాట్లాడుతున్నాడు. కిటికీ పక్కనున్న నాకు వినిపిస్తోంది. "మా బావ అసొంటి మనిషి ఉండడు. తెలంగాణ కోసం దుకాణమే పోగొట్టుకున్నడు" అని చెబుతున్నాడు. వాళ్లంతా తలలు ఊపుతున్నారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. మా అన్న కళ్లలో కూడా నీళ్లున్నాయి. అవి అబద్ధపు నీళ్లు కావు. అందుకే నాకు మరింత కష్టమైంది.

అందరూ పోయాక లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. యజమాని పోయాడు కాబట్టి దుకాణం నంబరు పాతది చెల్లదట, నా పేరు మీద కొత్తది తీసుకోవాలట. "గది నేను చూసుకుంట చెల్లె. నువ్వు ఏం రంది పెట్టుకోకు" అన్నాడు. గొంతు మా పెళ్లయిన కొత్తలో పల్లీల పళ్లెం ముందు మాట్లాడినప్పటి గొంతే.

"అన్నా, ఆయన దుకాణం తెలంగాణ కోసం పోలేదు. నీ మాట మీద పోయింది. బయట చెప్పేటప్పుడు గట్ల చెప్పు. లేకుంటే చెప్పకు."

 "గయన్ని ఇప్పుడెందుకే" అన్నాడు మా అన్న. తర్వాత లేచి, వాకిట్లో చెప్పులు వెతుక్కుని, మా వదినను పిలుచుకుని పోయాడు. రైలు వేళ కాలేదు. స్టేషన్లో కూర్చుని ఉంటారు.

చీర పెట్టెలో పెట్టాను. బియ్యం వండబుద్ధి కాలేదు. మోటార్లు రిపేరు చేసే పనివాడి ఇంటికి పంపించాను. కొత్త నంబరు కోసం కాగితాలు పట్టుకుని నేనే తిరిగాను. అంత కష్టమేం కాలేదు. యజమాని పేరు అడిగిన చోట నా పేరు రాశాను. నంబరు వచ్చిన రోజు బ్యాంకుకు పోయి పన్ను ఖాతాను కూడా నా పేరు మీదికి మార్చమన్నాను. ఆ బ్యాంకు పిల్ల, ఇంత చిన్న దుకాణానికి వేరే ఖాతా ఎందుకు మేడం, ఒక్కటి చాలదా అంది. ఉండనీ అన్నాను. ఆయన మూసేయలేదు, నేనూ మూయలేదు. ఏ రోజు పన్ను ఆ రోజు అందులోనే వేస్తున్నాను. నెల తిరగ్గానే కట్టేస్తున్నాను.